మధ్యలో తొంభై నాలుగు

మొదటి బొమ్మలో కుమారస్వామి పసుపు గీతకు ఇవతల నిలబడి ఉన్నాడు. చివరి బొమ్మలో అతని కాలు బండ కింద ఉంది. ఈ రెంటి మధ్య నాలుగు సెకన్లపాటు యూనిట్ గోడమీది కెమెరా పనిచేయలేదు. యానిమేషన్ లెక్కలో సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు, మొత్తం తొంభై ఆరు. మొదటిదీ చివరిదీ ఉన్నాయి. మధ్యలో తొంభై నాలుగు నేను నింపాలి.

నేను వికారాబాద్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో యానిమేషన్ నేర్పుతాను. తాండూరు బండలు పాలిష్ చేసే ఆ యూనిట్ యజమాని కొడుకు రూపేష్ నన్ను పిలిపించింది ఇందుకే.

"పెద్ద పనేం గాదు మేడం. గీడ నిలవడ్డడు, గాడ పడ్డడు. నడుమ జర నడిపియ్యిండ్రి, అంతే. శుక్రారం ఆఫీసరు విచారణకొస్తడు. మాటల్తోని చెప్తె నమ్ముతడా? బొమ్మ చూస్తె నమ్ముతడు."

"ఆయనంతట ఆయనే గీత దాటిండా?"

"మరి ఎవలన్న నూకిన్రా? మీరు గూడ ఆడనే ఉంటిరి గద!"

ఉన్నాను. యూనిట్ గురించి చిన్న వీడియో తీయడానికి ఆ రోజు వచ్చాను. కెమెరా సంచిలో పెట్టుకున్నాక ఇది జరిగింది. కోత మిషన్ల రొదలో, బండను ఎత్తి క్రేన్ నడుపుతున్న చంద్రప్ప పైనుంచి "సరి! సరి!" అని అరిచాడు. అతనిది బషీరాబాద్ అవతల, కర్ణాటకలో ఊరు. నవాబుపేట నుంచి కొత్తగా పనిలోకి వచ్చిన కుమారస్వామి తల నా వైపు తిప్పి, "ఏమంటుండు మేడం?" అన్నాడు. "సరే అంటుండు" అన్నాను. అతను గీత దాటాడు.

అది నాకు గుర్తుంది. అయితే అది జరిగినదానిలో భాగమని ఎప్పుడూ అనిపించలేదు. ఎవరో దారి అడిగితే చెప్పినట్టు ఒక మాట చెప్పాను, అంతే.

బయటికి వస్తుంటే గేటు దగ్గర అతని భార్య కృపారాణి లేచి నిలబడింది. ఆస్పత్రి కాగితాల మీద సంతకం కోసం వచ్చిందట.

"కాలు తీసేసిన్రు మేడం. ఆ దినం సంగతి ఆయనకేం యాదికి లేదు. దినాం ఒక్కటే అడుగుతుండు, నేనెందుకు పోయిన్నే అని. నేనేం చెప్పాలె?"

నేను సంచి సర్దుకుని స్టేషన్ వైపు నడిచాను.

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. మూటతో ఎక్కిన ఒక ముసలామె నా ముందు ఆగి, "స్వల్ప సరియవ్వా" అంది. నేను నవ్వి "సరే" అన్నాను. ఆమె మళ్ళీ అంది. నేనూ మళ్ళీ "సరే" అన్నాను.

ఎదురుగా పూలగంప ఒళ్ళో పెట్టుకున్నామె పకపకా నవ్వింది. "సరే సరే అనుకుంట గుంజ లెక్క కూసున్నవేంది బిడ్డా! కన్నడంల సరి అంటె జరుగు అని గూడ. జరుగు, ముసల్ది కూసుంటది."

డబ్బాలో నలుగురూ నవ్వారు. నేను జరిగాను. జరిగాక, క్రేన్ మీంచి విన్న ఆ "సరి! సరి!" మళ్ళీ చెవిలో మోగింది. భయంలో మనిషి నోటికి అమ్మ దగ్గర నేర్చిన మాటే ముందొస్తుంది. చంద్రప్ప జరగమని అరిచాడు. ఆ మాటను రమ్మనేలా మార్చి కుమారస్వామి చెవిలో వేసింది నేను. వికారాబాద్ దాకా ఆ ముసలామె భుజం నా భుజానికి తగులుతూనే ఉంది.

మర్నాడు పొద్దున ల్యాబ్‌లో పని మొదలుపెట్టాను. ఒకటో ఫ్రేములో ఒక కీ, అంటే మనిషి భంగిమను చెప్పే గుర్తు; తొంభై ఆరులో ఇంకో కీ. మధ్యలో ట్వీన్ ఇవ్వగానే సాఫ్ట్‌వేర్ క్షణంలో ఖాళీలన్నీ నింపేసింది. దానికి తెలిసింది ఒకటే, మొదలు నుంచి చివరికి తిన్నగా తీసుకుపోవడం. కుమారస్వామి ఎటూ చూడకుండా, ఎవరినీ అడగకుండా, నున్నగా నడిచి బండ కిందికి వెళ్ళాడు.

ఎంత బాగా వచ్చిందో చూసి భయమేసింది.

మళ్ళీ చూశాను. మళ్ళీ. ఇరవయ్యోసారికి నా జ్ఞాపకంలో కూడా అతను నా వైపు తల తిప్పడం మానేశాడు. నేను అక్కడ లేను. యంత్రాల రొద ఉంది, గీత ఉంది, అతను నడుస్తున్నాడు. గుండెల మీది బరువు దిగిపోయినట్టయింది. ఆ తేలికే నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. ఇంకో పదిసార్లు చూస్తే చాలు, నాకు నిజంగానే ఏమీ తెలియకుండా పోతుంది.

ఉల్లిపొర నొక్కాను. ముందు వెనుక ఫ్రేములన్నీ ఒకదాని కింద ఒకటి పలచగా కనబడేలా చేసే బటన్ అది. పొగలాంటి కుమారస్వాములు వరసగా తేలారు. ఒక్కడి ముఖమూ నా వైపు లేదు.

వెనక బెంచీ నుంచి నా విద్యార్థిని భవ్యశ్రీ తొంగిచూసింది. "మేడం, గీయన రోడ్డు రోలర్ లెక్క పోతున్నడు! మలుపు కాడ కొత్త కీ పెట్టాలె అని మీరే చెప్పిన్రు గద. మరిచిపోయిన్రా?"

"మరిచిపోతున్న" అన్నాను. ఆమె నవ్వింది.

నలభై ఒకటో ఫ్రేముకు వెళ్ళాను. ఉద్యోగం పోతుందేమో. పోలీసులు వస్తారేమో. కృపారాణి నా ముఖం మీద ఉమ్ముతుందేమో. ఒక్కొక్కటీ బొమ్మలా కనబడింది. కొత్త కీ పెట్టి అతని తలను కుడివైపు తిప్పాను. అతను చూస్తున్నచోట చాలాసేపు ఏమీ గీయలేదు. సాయంత్రం సెంటర్ మూసేముందు, భుజాన సంచితో ఒక ఆడమనిషిని గీశాను. నోరు గీయడానికే ఎక్కువ సమయం పట్టింది.

గురువారం తాండూరులో, గేటు దగ్గర మళ్ళీ కనబడిన కృపారాణిని నాతో లోపలికి రమ్మన్నాను. రూపేష్ భుజాలు ఎగరేసి కుర్చీ చూపించాడు. ల్యాప్‌టాప్ తెరిచి నడిపించాను.

పైన చంద్రప్ప జరగమని చెయ్యి బయటికి విసురుతున్నాడు. కుమారస్వామి తల తిప్పాడు. ఆడమనిషి నోరు తెరిచింది. అతను గీత దాటాడు.

"మంచిగున్నది మేడం, సినిమా లెక్కనే ఉన్నది. గని గీమెవరు? అడ్డంగ ఎందుకు పెట్టిన్రు? తీసెయ్యిండ్రి."

"తీసేస్తె ఆయన తల ఎటు తిప్పిండో తెల్వది."

"గదే, ఎవరంటున్న?"

రూపేష్ వైపు చూడలేదు. కృపారాణి వైపు తిరిగాను. ఆమె నన్నుకాక తెరనే చూస్తోంది. తర్వాత తెరమీది సంచిని చూసి, నా భుజాన ఉన్న సంచిని చూసింది.

"మీ ఆయన నన్ను అడిగిండమ్మా, చంద్రప్ప ఏమంటుండు అని. నాకు కన్నడం రాదు. రాదని చెప్పలె. సరే అంటుండు, అని చెప్పిన. చంద్రప్ప అన్నది జరుగు అని. మీ ఆయన ఉత్తగ పోలె. నేను చెప్తె పోయిండు."

ఆమె మళ్ళీ తెరవైపు తిరిగింది. లూప్ ఆపడం మరిచిపోయాను. తెరమీద కుమారస్వామి మళ్ళీ గీతకు ఇవతల నిలబడ్డాడు, తల తిప్పాడు. ఆ ఆడమనిషి మళ్ళీ నోరు తెరిచింది.