నాగుబాముకు మంచినీళ్ళు

మురమళ్ళలో బాపిరాజు గారి చావిట్లో అడుగుపెట్టిన వాళ్ళు ముందు చూడవలసింది బాపిరాజు గారిని కాదు, ఆయన పామును. టేకు పెట్టె, ముందు పైకెత్తే అద్దం తలుపు, పైన ఇనప జల్లెడ, లోపల ఓ నాగుబాము. పాములవాడి దగ్గర కొన్నాడు, కోరలు పీకించాడు, పాలకని వెండి గిన్నె చేయించాడు. "మా ఇంట్లో నాగరాజే కాపురం ఉన్నాడండి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఒళ్ళు చాపుకోవటానికి చోటు లేని పెట్టెలో ముడుచుకు పడి ఉండటాన్ని కాపురం అంటారు కాబోలు. దేశానికి స్వతంత్రం వచ్చి నాలుగేళ్ళయింది గానీ ఆ పాముకు మాత్రం రాలేదు.

ఆ ఇంట్లో పెద్దదిక్కు రమణమ్మ గారు. బాపిరాజుకు దొడ్డమ్మ, అంటే పెదతండ్రి భార్య. కాపురానికొచ్చిన ఏడాదికే భర్త పోతే, అదే ఇంట్లో ఉండిపోయి జుట్టు నెరిసిన మనిషి. ఆవిడ నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ చేత చీవాట్లు తిన్నవాళ్ళే, కాబట్టి వాళ్ళ సాక్ష్యం చెల్లదు.

రమణమ్మ గారికి పామంటే భయం లేదు, పెద్ద భక్తీ లేదు. కానీ చావిట్లో కూర్చుని వత్తులు చేసుకునేటప్పుడు ఎదురుగా అదే కనపడేది. కుబుసం సరిగా ఊడిరాక ముక్కలు ముక్కలుగా ఒంటికి అంటుకుపోయింది. కళ్ళు మసకబారాయి. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. పెట్టె కడిగినవాడు లేడు. పనివాళ్ళకు భయం, ఇంట్లోవాళ్ళకు బద్ధకం. బాపిరాజు మాత్రం వారానికోసారి జల్లెడ మీద పసుపు కుంకుమ చల్లి దణ్ణం పెట్టేవాడు. ఆ కుంకుమంతా పోయి పాము కళ్ళలో పడేది.

దసరా వెళ్ళిన మర్నాడు పెద్ద వాన కొట్టింది. చావిడి చూరు కారి, నీళ్ళు జల్లెడలోంచి పెట్టెలోకి పడ్డాయి. చచ్చినట్టు పడి ఉన్న పాము తల కదిపింది. పడిన నీళ్ళలో మూతి పెట్టి తాగింది. తాగుతూనే ఉంది. రమణమ్మ గారి చేతిలో వత్తి ఆగిపోయింది.

అంతలో బాపిరాజు పరుగున వచ్చి, పెట్టెను పక్కకు లాగించాడు.

"ఏరా బాపీ, దానికి నీళ్ళెందుకు పొయ్యరు?" అందావిడ.

"నాగులచవితి దాకా చుక్క నీరు పొయ్యకూడదండి దొడ్డమ్మగారండీ. పాములవాడు మరీ మరీ చెప్పేడు. దసరా నించి ఎండగడితేనే, చవితినాడు పుట్ట దగ్గర పాలు గటగటా తాగుద్దంట. నిరుడు చూసేరు కదండీ, ఊరంతా సాష్టాంగపడిపోయింది."

చూసింది. ఆ తరవాత నెల్లాళ్ళు అది తాగిన పాలు కక్కుకుంటూ, తాడుముక్కలా పడి ఉండటం కూడా చూసింది. దాహానికి తాగిందే గానీ దానికి పాలెందుకు? ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ పట్టలేదు.

"ఈసారి ఎండగడితే చచ్చిపోద్దిరా. వదిలెయ్యి."

"భలేవారే. కొత్తపేట నించి వియ్యంకుడుగారు ప్రత్యేకం ఇది చూడ్డానికే వస్తున్నారండి. నా పరువేం కావాలండి?"

రమణమ్మ గారు మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఆ ఇంట్లో ఏదో ముంచుకొస్తోందని అర్థం. పాపం, బాపిరాజుకు ఆ మాత్రం జ్ఞానం లేదు.

ఆవిడకు దాహమంటే తెలుసు. భర్త పోయిన కొత్తల్లో, చిన్నపిల్ల, ఏకాదశి వస్తే అత్తగారు మంచినీళ్ళ బిందె గదిలో పెట్టి తాళం వేసేది. ఒక వేసవి ఏకాదశినాడు నాలుక పిడచగట్టుకుపోయి, దొడ్లోకి వెళ్ళి గేదెల కుడితి తొట్లో మూతి పెట్టి తాగింది. ఎవరూ చూడలేదు. చూడకపోయినా ఆ సిగ్గు ఆవిణ్ణి వదల్లేదు. అత్తగారు పోయి ఎన్నో ఏళ్ళయింది. తాళం వేసేవాళ్ళు లేరు. అయినా ఏకాదశికీ చవితికీ ఆవిడ నీళ్ళు ముట్టదు. ఎందుకని అడిగితే ఆవిడకే తెలియదు.

ఆ పాము వాన నీళ్ళు తాగిన తీరు చూశాక ఆవిడకు ఆ కుడితి తొట్టి గుర్తొచ్చింది. దీన్ని చావనివ్వను అనుకుంది.

మర్నాటి నించి బాపిరాజు భోంచేసి కునుకు తీసే వేళకు, రమణమ్మ గారు అద్దం తలుపు కాస్త ఎత్తి మూకుడుతో నీళ్ళు లోపలికి తోసేది. పాము తాగేది. ఆ నీళ్ళలోనే పడుకుని ఒళ్ళు నానబెట్టుకునేది. పొడుగాటి పుల్లకు గుడ్డ చుట్టి పెట్టె తుడిచింది. ఆఖరికి దొడ్లో కప్పను కూడా పట్టింది. నీచు ముట్టని మనిషి, కొంగు దోపుకుని అరిటి బోదెల మధ్య కప్ప వెనకాల గెంతుతుంటే, బాపిరాజు భార్య సూర్యావతి చూసి నోరు నొక్కుకుంది.

"ఏంటండి పెద్దత్తయ్యగారండీ ఇదీ?"

"నీ మొగుడి నాగరాజుకు నైవేద్యం. నోరు మూసుకుని ఆ చాట ఇటు పట్టు."

"ఆయ్" అంది సూర్యావతి, చాట పట్టింది. మొగుడికి మాత్రం చెప్పలేదు. ఆ పెట్టె కంపు ఆవిడా భరిస్తోంది మరి.

కుబుసం ఒక్క ఊపున ఊడొచ్చింది. కింద కొత్త ఒళ్ళు నిగనిగలాడింది. బాపిరాజు చూసి, తన కుంకుమ మహిమ అనుకుని మురిసిపోయాడు.

చవితి రోజున కొబ్బరితోటలో పుట్ట చుట్టూ ఊరంతా చేరింది. కొత్తపేట వియ్యంకుడు కుర్చీలో కూర్చున్నాడు. పెట్టెను పుట్ట ముందు దింపించి, వెండి గిన్నెలో పాలు పెట్టి, బాపిరాజు ఒక చేత కర్ర పుచ్చుకుని, రెండో చేత్తో అద్దం తలుపు ఎత్తాడు.

"చూడండి బావగారండీ, తిన్నగా గిన్నె దగ్గరికే వెళ్తారు స్వామి."

పాము బయటికొచ్చింది. గిన్నె దగ్గర ఆగింది. నాలుక ఆడించింది. ఇప్పుడు గాని మూతి పెట్టిందంటే, సాయంత్రానికి మళ్ళీ ఆ పెట్టెలోకే.

పెట్టలేదు. గిన్నె మీంచి పాకింది. గిన్నె తిరగబడి పాలన్నీ ఇసకపాలయ్యాయి. పాము పుట్ట వైపు సాగింది.

బాపిరాజు గాభరాగా కర్ర అడ్డం పెట్టాడు. అంతే. ఏడాదిగా ఎవరూ చూడని పడగ లేచింది. చేటంత పడగ. బుస్సుమంది. కోరలు లేవని ధీమాగా ఉన్న బాపిరాజుకు అప్పుడు గుర్తొచ్చింది, ఊడినవి మళ్ళీ మొలుస్తాయని ఎవరో అన్నట్టు. ఓ అడుగు వెనక్కేశాడు.

"కర్ర దించరా బాపీ" అంది రమణమ్మ గారు, ఊరంతా వినేట్టు. "స్వామికి పాలు అక్కర్లేదుట. ఇంటికెళ్తాడుట. వెళ్ళనీ."

ఆడవాళ్ళు చేతులు జోడించారు. వియ్యంకుడు కుర్చీలోంచి లేచి కండువా నడుముకు చుట్టుకున్నాడు.

"ఇంత నిదర్శనం నేనెక్కడా చూళ్ళేదండి బావగారండీ. దారివ్వండి."

బాపిరాజు దారిచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు? పాము పడగ దించి, తాపీగా, పెళ్ళివారు నడిచినట్టు నడిచి పుట్టలోకి దూరింది. తోక కొస కూడా లోపలికి పోయాక తోటంతా గోవింద కొట్టింది. రమణమ్మ గారికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆనందంతో కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు.

జనం వియ్యంకుడి చుట్టూ మూగాక, బాపిరాజు మెల్లిగా పక్కకొచ్చాడు.

"మీరు నీళ్ళు పోసేరు కదండీ దొడ్డమ్మగారండీ?"

"పోశాను. రోజూ పోశాను. దాహంతో ఉన్నదానికి నీళ్ళు పోశాను. ఏం, తప్పా?"

బాపిరాజు ఖాళీ పెట్టె వంక చూశాడు. ఇసకలో తిరగబడ్డ వెండి గిన్నె వంక చూశాడు.

"కాదండి" అన్నాడు చివరికి.

"అయితే నాకు దాహంగా ఉంది. ఓ చెంబుడు మంచినీళ్ళు పట్రా."

బాపిరాజు తెల్లబోయాడు. "చవితి కదండీ. మన ఇంట్లో మీరు..."

"చవితని నాకు తెలుసురా. పట్రా."

తెచ్చాడు. ఏ అత్తగారు బిందెకు తాళం వేసిందో, ఆవిడ మనవడే రెండు చేతులా చెంబు పట్టుకొచ్చి అందించాడు. రమణమ్మ గారు పుట్ట ముందర, నడితోటలో, ఊరంతా చూస్తుండగా తలెత్తి గటగటా తాగింది. గొంతు మీంచి కారి రవిక తడిసినా ఆగలేదు. చెంబు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, తిరిగి చేతికిచ్చింది.

"ఇంకో చెంబు" అంది.