మూత రాని కొమ్ముచెంబు

నేను ఒక కొమ్ముచెంబుని. టీ పోయడానికి పుట్టాను కానీ ఇంతవరకు లోపల టీ చుక్క కూడా ఎరగను. ఒళ్ళంతా లేతాకుపచ్చ నిగనిగ, నెత్తిన గుండ్రటి మూత, ఎవరి చేతికైనా ఇమిడే పిడి. చూసినవాళ్ళు ముందు "అబ్బ!" అంటారు. తర్వాత మూత తీయబోతారు. ఆ తర్వాత నవ్వుతారు.

నన్ను చేసింది కామేశ్వరి. విశాఖపట్నంలో, పెదవాల్తేరులో డేవిడ్ మాస్టారు తన కారు షెడ్డులో కుండలు చేయడం నేర్పుతారు. మధ్యాహ్నాలు వచ్చేవాళ్ళంతా ఇల్లాళ్ళే. ఇంట్లో గిన్నెలు తోమి తోమి విసిగి, ఇక్కడికొచ్చి కొత్త గిన్నెలు చేస్తుంటారు. మనుషుల విశ్రాంతి నాకెప్పుడూ అర్థం కాలేదు.

కామేశ్వరికి మాత్రం అది విశ్రాంతి కాదు. కుమ్మరి సారె ముందు కూర్చుంటే ఆవిడకి ఇంట్లో ఎవరూ చూడని మొహం ఒకటి వచ్చేది. ఆ మొహం నిలవాలంటే ఒక షరతుంది. మొదట ఇంటికి తీసుకెళ్ళిన గిన్నె కారింది. తర్వాతి కప్పు ఒరిగింది. "ఇది కప్పేనా, కప్పుకి పక్షవాతమా?" అని భర్త నరసింగరావుగారు తన జోకుకి తనే నవ్వుకుని, "ఇంటికి పనికొచ్చే వస్తువు ఒక్కటి చేసి చూపించు. అప్పుడు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు వెళ్ళు. లేదంటే ఈ మట్టి పిసుకుడు మానెయ్" అన్నారు.

ఆ ఒక్కటీ నేను.

సారె మీద నా ఒళ్ళు లేపింది. మూత విడిగా, కొమ్ము విడిగా చేసింది. నచ్చని కొమ్ముల్ని పీక పిసికి మళ్ళీ ముద్ద చేసేసింది. ఒకసారి కాల్చి తీశాక మాస్టారు నాలో నీళ్ళు పోసి వంచారు. మళ్ళీ నిలబెట్టగానే ధార ఠక్కున ఆగింది, కొమ్ము కొసన చుక్కయినా జారలేదు.

"స్వర్ణగారూ, మీ కెటిల్ కారుతోందిగా, ఒకసారి ఇది చూడండి" అన్నారు, అందరి ముందూ.

స్వర్ణ ఆ క్లాసులో అందరికన్నా ముందు చేరినావిడ. చూసింది. నవ్వింది. "మా కామేశ్వరక్క చెయ్యి బంగారం మాస్టారూ" అంది. ఆ నవ్వు నాకు నచ్చింది. అప్పటికి ఒక్కసారే కాలాను, లోకం తెలీదు.

గ్లేజంటే మట్టికి తొడిగే గాజు చొక్కా. పూసినప్పుడు పిండి నీళ్ళలా ఉంటుంది, బట్టీలో కరిగి మెరుపవుతుంది. మూత ఆనే అంచుకి మాత్రం తగలకూడదు. తగిలిందా, మూతా చెంబూ కరిగి ఒకటైపోతాయి. అందుకని అక్కడ ముందే మైనం రాస్తారు. కామేశ్వరి రాసింది. నన్ను గ్లేజులో ముంచి తీసింది. తడి స్పాంజితో అంచు తుడిచి, నమ్మకం చాలక మళ్ళీ తుడిచింది. మామగారి మందుల వేళ అయిందని గబగబా చెప్పులేసుకుంది.

"నువ్వెళ్ళక్కా, బట్టీలో నేను సర్దుతాలే" అంది స్వర్ణ.

షెడ్డు ఖాళీ అయింది. స్వర్ణ నా మూత తీసింది. పిల్ల తలలో పేలు తీస్తున్నంత ఓపిగ్గా, వెదురుపుల్లతో మైనమంతా గీకేసింది. ఆ అంచు చుట్టూ కుంచెతో గ్లేజు పూసింది, పూత మీద పూత. మూత పెట్టి, నా బుగ్గ తట్టి, బట్టీలో కూర్చోబెట్టింది. స్వర్ణ అంత శ్రద్ధగా పని చేయడం ఆ షెడ్డులో ఎవరూ చూసి ఉండరు. చూసిన నాకేమో చెప్పే వీలు లేదు.

బట్టీ తెరిచిన రోజు అందరూ "అబ్బ!" అన్నారు. కామేశ్వరి మూత పట్టుకుంది. తిప్పింది. రాలేదు. మాస్టారు చెక్కపుల్లతో చుట్టూ తట్టి చూశారు.

"మైనం రాయలేదా అమ్మా?"

"రాశానండీ."

"అయ్యో అక్కా, తొందరపడొద్దని చెప్తూనే ఉన్నాను కదే!" అంది స్వర్ణ. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకుంది. ఆవిడ చేసినవాటిలో కారాల్సినప్పుడు కారినవి ఆ కన్నీళ్ళొక్కటే.

నరసింగరావుగారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "చాలా పనికొస్తుంది. టీ పోయక్కర్లేదు, కడగక్కర్లేదు" అన్నారు. ఇంకొకటి చేస్తానంది కామేశ్వరి. "చేశావుగా" అన్నారు.

ఆదివారాలు స్నేహితులొస్తే నన్ను బల్ల మీద పెట్టేవారు. "మా ఆవిడ చేసింది. టీ కావలసినవాళ్ళు మూత తీసి పోయించుకోండి!" వాళ్ళు తిప్పేవారు, లాగేవారు, ఒకాయన పళ్ళతో కూడా ప్రయత్నించాడు. స్టీలు గ్లాసుల్లో టీ పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడేది.

"ఏమైంది చెల్లెమ్మా, జిగురేశావా?"

"మైనం రాశానండీ అన్నయ్యగారూ, ఎందుకో మరి..."

కొన్ని ఆదివారాలు అలాగే చెప్పింది. తర్వాత ఒక ఆదివారం, "రాయడం మర్చిపోయానేమోనండీ" అంది.

మూత లాగిన చేతులేవీ నన్ను ఏమీ చేయలేకపోయాయి. ఆ మాటకి మాత్రం బీట వారుతాననుకున్నాను. వారలేదు. నన్ను అంత గట్టిగా చేసింది మరి. మర్నాడు కామేశ్వరి, మట్టిపనికి కట్టుకునే ఏప్రన్ చింపి స్టవ్వు తుడిచే గుడ్డ చేసింది. నన్ను సంచిలో పెట్టుకుని షెడ్డుకి తెచ్చి, "ఎలా చేయకూడదో చూపించడానికి ఉంచండి మాస్టారూ" అని ఇచ్చింది. సారె వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ అరలో ఉన్నాను. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠాలు చెప్పేది స్వర్ణే. మూత పట్టుకుని నన్ను గాల్లోకి లేపి చూపిస్తుంది. "పాపం, ఒకావిడ చేసింది. పనితనం ఉంది, నిదానం లేదు. నేనెంత చెప్పినా వినలేదు." అందరూ అయ్యో అంటారు. రాసుకుంటారు కూడా.

మొన్న ప్రమీల అనే కొత్తావిడ చేసిన కొమ్ములోంచి నీళ్ళు వంచి, మాస్టారు మురిసిపోయారు. "ఇన్నాళ్ళకి మళ్ళీ ఇలాంటి ధార చూశాను!" అన్నారు, అందరి ముందూ. మంచి మనిషి. ఆయన మెప్పుకోలు ఎక్కడెక్కడ తగులుతుందో ఆయనకి ఎప్పటికీ తెలీదు. అరలోంచి దొర్లి కిందపడదామనుకున్నాను. చెంబులు తమంతట తాము దొర్లవు.

గ్లేజులో ముంచి తీసిన తన చెంబుని బల్ల మీద పెట్టి, ప్రమీల గడియారం చూసుకుంది. పిల్లాడి స్కూలు బస్సు వచ్చే వేళ.

"నువ్వెళ్ళు చెల్లీ" అంది స్వర్ణ, కుంచె తడుపుతూ. "మూత పెట్టేది నేను చూసుకుంటాలే."