ఎర్ర పేలిక

షట్టరు సగం లేపి సాదుల్లా ఆగాడు. మిగతా సగం భూలక్ష్మి లేపింది. ఇది రోజూ నడిచే ఒప్పందమే. మోకాళ్ళు చెప్పిన మాట విన్న రోజుల్లో ఒక్క ఊపులో పైకి పోయిన షట్టరు ఇప్పుడు ఇద్దరి పని అయింది. ఆ సంగతి ఒప్పుకోవడం ఆయనకు నామోషీ. అందుకని సగం దాకా లేపి, ఏదో గుర్తొచ్చినట్టు జేబులు తడుముకోవడం మొదలుపెడతాడు. ఆ లోపు భూలక్ష్మి ఏమీ చూడనట్టు తన పని కానిచ్చేస్తుంది.

ఇవాళ తడుముకున్న చెయ్యి జేబులోనే ఉండిపోయింది. నిన్నటి పని చొక్కానే తొడుక్కొచ్చాడు. దాని జేబులోంచి వేలెడు వెడల్పున్న ఎర్ర పేలిక ఒకటి బయటికి వచ్చింది. దాన్ని చూస్తూ ఆయన గుమ్మంలోనే కూలబడినంత పని చేశాడు.

"ఏమైంది సాబ్?" అంది భూలక్ష్మి.

"నిన్న ఆ ముసలమ్మకు ఇచ్చిన కుర్సీ... దానికి కట్టవలసింది ఇది."

పేలిక కథ తెలియాలంటే ఆ దుకాణం సంగతి తెలియాలి. గచ్చిబౌలిలో ఆఫీసు బస్సులు మలుపు తిరిగే సందులో ఒక రేకుల షెడ్డు. మూతబడ్డ కంపెనీల కుర్చీలు, కొత్త హంగుల మోజులో పాతవి వదిలించుకున్న ఆఫీసుల కుర్చీలు లారీల మీద అక్కడికి చేరతాయి. సాదుల్లా వాటిని తిరగేసి, బోల్టులు బిగించి, అతుకులు వేస్తాడు. గోపన్‌పల్లి నుంచి వచ్చే భూలక్ష్మి చినిగిన సీట్లకు గుడ్డ కుడుతుంది. బాగు చేయగలిగింది బాగు చేస్తారు. చేయలేని లోపం ఎక్కడుందో సరిగ్గా అక్కడ సాదుల్లా ఎర్ర పేలిక కడతాడు. చెయ్యి వదులైతే చేతికి, చక్రం పట్టేస్తుంటే చక్రానికి. కొనేవాడి కంటికి ముందు లోపం కనబడాలి, తర్వాతే కుర్చీ.

పక్క దుకాణం శివశంకర్‌కు ఇది పెద్ద తమాషా. "తన చల్ల పుల్లగున్నదని ఎవరన్న చెప్పుకుంటరా సాబ్? నువ్వైతే దండోరేస్తున్నవ్" అని పదిమందిలో నవ్వేవాడు. సాదుల్లా కూడా నవ్వేవాడు. నవ్వాడు గదా అని ఒక్క పేలిక కూడా విప్పింది లేదు.

ఇది ఆయన తండ్రి దగ్గర నేర్చిన విద్య. తండ్రి శంకర్‌పల్లి అంగట్లో జొన్నలు అమ్మేవాడు. వానకు తడిసిన గింజను కుప్ప అడుగున దాచకుండా తీసి పైన పోసేవాడు. ప్రవక్త ఒకసారి సంతలో ధాన్యం కుప్పలోకి చెయ్యి పెట్టి, అడుగున తడి తగిలితే, 'ఇది పైన ఎందుకు పెట్టలేదు? మోసం చేసేవాడు మావాడు కాడు' అన్నాడని కొడుక్కి చెప్పేవాడు. నమాజు విషయంలోనూ అదే పట్టు. ఆటకు పోయే తొందరలో పిల్లవాడు నుదురు నేలకు ఆన్చే సజ్దాలు కాకి గింజలు పొడిచినట్టు చేస్తే, చెవి పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చేయించేవాడు. "దొంగలందర్ల పెద్దదొంగ ఎవడో తెలుసునా బేటా? నమాజుల దొంగతనం జేసెటోడు. అల్లా దగ్గరనే తక్కువ తూచెటోడు మనుషులకు సరిగ్గ తూస్తడా?" అనేవాడు.

జొన్నలైతే పైన పోయొచ్చు. కుర్చీకి అడుగున ఉన్న పగులును పైకి ఎలా తేవడం? అందుకే ఈ పేలిక. ఈ ఉపాయం మాత్రం తండ్రిది కాదు, తన సొంతం. ఆ సంగతి ఎవరికీ చెప్పకపోయినా లోలోపల సాదుల్లాకు దాని మీద కాస్త గర్వం ఉంది. అంత చేసినవాడికి ఆ మాత్రం ఉండకూడదా?

ఆ గర్వమే ఇవాళ గుమ్మంలో కూలబడింది. నిన్న సాయంత్రం ఒక కుర్చీని తిరగేసి చూస్తుంటే వెనక కుడికాలి అతుకులో వెంట్రుకంత పగులు వేలికి తగిలింది. పేలిక చింపి చేతిలోకి తీసుకున్నాడో లేదో, పొద్దు వాలేటప్పటి అసర్ నమాజుకు అజాన్ వినిపించింది. తర్వాత కడదామని జేబులో వేసుకుని, వెనక గోడ దగ్గరున్న తన కుర్చీలో కూర్చుని నమాజు మొదలుపెట్టాడు. మోకాళ్ళు పోయాక మసీదు మెట్లు ఎక్కలేక ఇక్కడే చేసుకుంటున్నాడు. నేల మీద వంగలేనివాడు కుర్చీలో చేసుకోవచ్చని మసీదు పెద్దాయనే చెప్పాడు. ఏళ్ళ సజ్దాలతో నుదుటి మీద పడ్డ నల్లమచ్చ నేలను తాకక వెలిసిపోతోంది.

సరిగ్గా అప్పుడే ముసలమ్మ వచ్చి నిలబడింది. బేరం పోతుందేమోనని సాదుల్లా తొందరపడ్డాడు. చిన్నప్పటి కాకి మళ్ళీ వచ్చి వాలింది. తల అలా వంచి ఇలా ఎత్తి, సలాంతో నమాజు ముగించేసి లేచాడు. ఆమె ఆ పగులు కుర్చీనే చూపించింది. "మా వారికి తుంటి ఆపరేషన్ అయిందండి. కింద కూర్చోలేరు, చేతులున్న గట్టి కుర్చీ కావాలి" అంది. "గట్టిదే అమ్మా" అన్నాడు సాదుల్లా. ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. సందులో ట్రాలీ ఆటో నడిపే మొగిలి దాన్ని గోపన్‌పల్లిలో ఆమె ఉండే అపార్ట్‌మెంటుకు వేసుకుపోయాడు. ఆమె ఫోన్ నంబరు కూడా అడగలేదు.

"నడువు, మొగిలిని పిలువు" అన్నాడు సాదుల్లా, పేలికను మళ్ళీ జేబులో వేసుకుంటూ.

మొగిలి వచ్చేలోపు కారు దిగి జశ్వంత్ అనే కుర్రాడు వచ్చాడు. కొత్తగా పెట్టిన కంపెనీవాడు. లోపల ఉన్న కుర్చీలన్నీ ఒక్కసారే కావాలన్నాడు. భూలక్ష్మి కళ్ళు మెరిశాయి.

"అంకుల్, ఆ రెడ్ క్లాత్‌లు మాత్రం తీసేసి పంపించండి. ఓపెనింగ్ ఉంది, ఫొటోల్లో బాగోదు."

"కొన్నంక నీ ఇష్టం బాబు, నీ చేతులతోని తీసుకో. నేనైతే తియ్య. జర కూసో, గోపన్‌పల్లి దాక పొయ్యొస్త."

"ఇప్పుడా? నాకు టైం లేదంకుల్!"

"నాకు గూడ లేదు బేటా" అన్నాడు సాదుల్లా. మొగిలి రాగానే తన నమాజు కుర్చీని తానే ఎత్తి ట్రాలీలో పెట్టాడు. ఎత్తుతుంటే ఎడమ భుజం కింద కలుక్కుమంది. బరువుకు పట్టేసిందనుకున్నాడు.

దుకాణంలో ఒక్క పేలిక కూడా అక్కర్లేని కుర్చీ అదొక్కటే. ఎందరడిగినా అమ్మలేదు. ట్రాలీలో అది కనబడగానే భూలక్ష్మికి విషయం అర్థమైంది. "మరి నమాజు ఏడ చేస్తవ్ సాబ్?" అని అరిచింది. ఆటో చప్పుడులో ఆయనకు వినబడలేదు, లేదా విననట్టు ఊరుకున్నాడు.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ట్రాలీని లోపలికి రానివ్వలేదు. కుర్చీని చెరో పక్క పట్టుకుని లిఫ్టు దాకా నడిచారు. "జర మెల్లగ చాచా, గట్ల ఉరుకుతవేంది" అంటూనే ఉన్నాడు మొగిలి. సాదుల్లా కళ్ళ ముందు మాత్రం ఒక ముసలాయన పడిపోతూనే ఉన్నాడు.

తలుపు తీసింది రత్నమాల, నిన్నటి ముసలమ్మ. "మీరు షాపాయన కదండీ?" అంది ఆశ్చర్యంగా. ఆమె భుజం మీదుగా సాదుల్లా లోపలికి చూశాడు. బాల్కనీ వెలుగులో ఆ కుర్చీ. కుర్చీలో ఆమె భర్త సీతారామయ్య, కళ్ళు మూసుకుని తులసిమాల తిప్పుతూ జపంలో ఉన్నాడు. ఆపరేషన్ అయిన ఎడమ తుంటి మీద బరువు పడకుండా మనిషి మొత్తం కుడివైపుకు ఒరిగి ఉన్నాడు. వెనక కుడికాలు కిర్రుమంటోంది.

సాదుల్లా గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. రత్నమాల ముఖం పాలిపోయింది. "అయ్యో, ఇప్పుడే లేపుతానుండండి" అని కదలబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. దేవుని దగ్గరున్నరు. ఆగం చెయ్యకుండ్రి."

"పడిపోతే ఎలాగండీ?"

"నేను పడనియ్య."

చెప్పులు విప్పి లోపలికి నడిచాడు. కుర్చీ వెనక ఆగి, గోడ పట్టుకుని, రెండేళ్ళుగా వంగని మోకాళ్ళను వంచాడు. అవి పుల్లలు విరిగినట్టు చప్పుడు చేశాయి. నేల మీద మోకరిల్లి, పగిలిన కాలిని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. సీటు అంచును భుజం మీద ఆన్చుకున్నాడు. కిర్రుమనే చప్పుడు ఆగింది. పైన సీతారామయ్య పెదవులు కదులుతున్నాయి. కింద సాదుల్లా పెదవులు కూడా కదులుతున్నాయి. ఎవరి మాట వారిది. గుమ్మంలో మొగిలి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. రత్నమాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జపం తన తీరున తాను సాగింది. ఒక దశలో సాదుల్లా పట్టు జారబోయింది. మొగిలి ముందుకు రాబోతే కంటితోనే వారించాడు. తప్పు తనదైనప్పుడు బరువు ఇంకొకరి మీద పెట్టడం ఆయనకు చేతకాదు.

చివరికి సీతారామయ్య మాలను కళ్ళకద్దుకుని, కళ్ళు తెరిచి, పక్కకు చూసి ఉలిక్కిపడ్డాడు. "ఎవరండీ మీరు? కింద కూర్చున్నారేమిటి?"

"ముందుగాల మీరు లేచి గీ కుర్సీల కూసోండ్రి సార్. ఇది నాది. దీనికి ఏ రోగం లేదు."

మొగిలి, రత్నమాల కలిసి ఆయన్ను కుర్చీ మార్చారు. సాదుల్లా పాత కుర్చీని తిరగేసి కాలును బొటనవేలితో నొక్కాడు. అతుకు నోరు తెరిచింది. సీతారామయ్య ఆ పగులులోకి చూశాడు.

"ఒక్క మాట చెప్పి నన్ను లేపొచ్చు కదండీ" అన్నాడు.

"నిన్న నా నమాజు నేనే ఆగం చేసుకున్న సార్. గందుకే గీ కుర్సీ మీ ఇంటికొచ్చింది. ఇయ్యాల మీది గూడ ఆగం చెయ్యాల్నా?"

ముసలాయన రెండు చేతులూ జోడించాడు. సాదుల్లా ఆ చేతులను పట్టుకుని మెల్లగా దించాడు. రత్నమాల ఇచ్చిన మంచినీళ్ళు కూర్చునే తాగి, మొగిలి భుజం ఆసరాతో లేచాడు. లిఫ్టులో దిగుతుంటే ఛాతీ నిండా ఏదో పొంగింది. గర్వం మంచిది కాదని తనను తాను కసురుకున్నాడు. అయినా అది తగ్గలేదు. తండ్రి చూసి ఉంటే చెవి పట్టుకునేవాడు కాదు, వీపు తట్టేవాడు.

దుకాణానికి వచ్చేసరికి జశ్వంత్ ఎప్పుడో వెళ్ళిపోయాడు. భూలక్ష్మి విసురుగా సూది గుచ్చుతూ, "అన్ని కుర్సీలు సాబ్! ఒక్క పూటల దుకాణం ఖాళీ అయితుండె" అంది.

"ఫికర్ చెయ్యకు. కుర్సీలేడికి పోతయ్, వాటికి కాళ్ళే గాని నడక రాదు."

ఆమె నవ్వక తప్పలేదు. జరిగిందంతా మొగిలి పూసగుచ్చినట్టు చెప్పాక ఆమె చేతిలో సూది ఆగిపోయింది. సాదుల్లా జేబులోంచి పేలిక తీశాడు. వెనక్కి తెచ్చిన పగులు కుర్చీకి, వెనక కుడికాలికి రెండు చుట్లు చుట్టి, కొసలు సమంగా లాగి ముడి బిగించాడు. వేలితో లాగి చూసుకున్నాడు.

మధ్యాహ్నమంతా మామూలుగానే పని చేసుకున్నాడు. అసర్ వేళకు ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, మూలన చుట్టిపెట్టిన చాప తెచ్చి నేల మీద పరిచాడు. భూలక్ష్మి గబగబా ఒక కుర్చీ లాక్కొచ్చింది.

"మోకాళ్ళు సాబ్!"

"పొద్దుగాల ఆ సార్ ఇంట్ల వంగినయ్. అల్లా ముందట వంగవా?"

ఆ నమాజును ఆమె మిషను దగ్గర నుంచి చూసింది. నిలబడితే నిలబడిపోయాడు. వంగితే వీపు సమంగా వచ్చేదాకా వంగాడు. నుదురు నేలకు ఆన్చి, తొందరేమీ లేనివాడిలా అక్కడే ఉన్నాడు. సందులోకి బైకు మీద వచ్చిన గిరాకీ ఒకడు హారన్ కొట్టాడు. భూలక్ష్మి బయటికి వెళ్ళి, వేలు పెదవుల మీద పెట్టి, ఆగమని సైగ చేసింది. ఇంత నిండుగా చేసిన నమాజును ఆమె అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆయన దగ్గర పని చేస్తున్నందుకు ఆమెకు ఉన్నట్టుండి పెద్ద గర్వం కలిగింది.

కుడికీ ఎడమకీ సలాం చెప్పి, సాదుల్లా గోడకు జారబడ్డాడు. నుదుటి మీద చాప అచ్చు పడింది. "చాయ్ తెస్తవా బిడ్డా" అన్నాడు. ఆమె మలుపు హోటల్ నుంచి గ్లాసు తెచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉన్నాడు. జపం గుర్తొచ్చి ఆమె కూడా కాసేపు లేపలేదు. చాయ్ మీద మీగడ కట్టాక, "సాబ్" అని చెయ్యి ముట్టుకుంది. ఆ చెయ్యి అప్పటికే చల్లబడింది.

మర్నాడు ఆయన్ను సొంతూరు శంకర్‌పల్లికి తీసుకుపోతుంటే సందులో దుకాణాలన్నీ మూశారు. తుంటి కుదురుకోని సీతారామయ్య మొగిలి ఆటోలోనే వచ్చి చివరిచూపు చూసుకుని వెళ్ళాడు. "మా సాబ్ ఎవ్వలకు బాకీ లేడు. పైనోనికి గూడ లేడు" అని వచ్చినవాళ్ళందరికీ భూలక్ష్మి తలెత్తి చెప్పింది.

సరుకంతా శివశంకర్ కొన్నాడు. లారీకి ఎత్తుతున్న కూలీ, "గీ పేలికలు విప్పాల్నా?" అని అడిగాడు. శివశంకర్ ఒక ముడిని వేలితో లాగి చూసి, "ఉండనియ్" అన్నాడు. పగిలిన కాలి కుర్చీని మాత్రం ఎవరూ ఎక్కించలేదు. ఖాళీ షెడ్డులో, వెనక గోడ దగ్గర అది అలాగే ఉంది. దాని కుడికాలికి, కొసలు రెండూ సమంగా లాగి బిగించిన ముడితో, ఎర్ర పేలిక.