అర మూత ఆసిడ్

"టీ పెట్టుకొని రా పో," అన్నాడు నాయన. అమ్మ పట్టునూలు తగిలించిన కట్టెను ఆయన చేతికిచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి పోయింది. హెల్గా మేడం కారు దిగేసరికి రంగు తొట్టి దగ్గర నాయన ఒక్కడే ఉన్నాడు.

ఆమెది జర్మనీ. డెబ్బై ఏళ్లుంటాయి. హిందూపురంలో చేనేత సంఘం ఐదు రోజుల తరగతులు పెడుతోంది. అక్కడ పట్టుకు రంగు వేయడం నేర్పే మనిషిని వెతుక్కుంటూ ధర్మవరం, బత్తలపల్లి చుట్టూ తిరిగి మా ఊరికి వచ్చింది. ఆమె ఇంగ్లీషు మాటలు తెలుగులో చెప్పాల్సిన సంఘం మనిషి రాలేదు. "ఇంటరు చదువుతాండావు కదా, నువ్వు చెప్పు," అని నాయన నన్ను ముందుకు తోశాడు. కాలేజీలో హాజరు పలకడానికే గొంతు పెగలని దాన్ని నేను.

ఆమె నెమ్మదిగా తన సంగతి చెప్పింది. పదహారేళ్లప్పుడు రంగుల కంపెనీ ల్యాబులో సీసాలు కడిగే పనికి చేరిందట. పని చేస్తూనే చదివి కెమిస్టు అయింది. ముప్పై ఎనిమిదేళ్లు అక్కడే. ఎంత ఉతికినా వెలవని ఒక ఎరుపు కనిపెడితే, పేటెంటు కాగితం మీద పై అధికారి పేరు రాశారు. "ఆయన్ని మెచ్చుకోడానికి వచ్చినోళ్లందరికీ కాఫీ ఇచ్చింది నేనే," అని నవ్వింది.

నేను తెలుగులో చెప్పాను. అరుగు మీద పడుకున్న మా అవ్వ, నాయన తల్లి, "యాడైనా అంతేనమ్మా," అనింది.

నాకు నవ్వు రాలేదు. నాయన చెడ్డవాడు కాదు, మమ్మల్ని ఎప్పుడూ కొట్టలేదు. కానీ రంగు బాగా కుదిరితే ఊరంతా నాయన పేరు పెట్టి "కాలేసాబ్ చెయ్యి" అంటుంది, మచ్చలు పడితే నాయనే "ఆడమనిషి చెయ్యి పెట్టింది" అంటాడు. నిజానికి పెట్టేది ఎప్పుడూ అమ్మే. పొద్దున్నే దోసిట్లో నీళ్లు పట్టి నాలుకకు తగిలించుకుంటుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తొట్టికి ఒక మూత ఆసిడ్, ట్యాంకరు నీళ్లు చప్పగా ఉంటే అర మూత. ఈరోజు ట్యాంకరు వచ్చింది. ఒక మూత పోసుంటే నూలు రంగును గబగబా తాగి మచ్చలు పడేది.

"ఈరోజు ఆసిడ్ ఎంత వేశారు?" మేడం పుస్తకం తెరిచి అడిగింది.

"ఎప్పుడూ ఒక మూతే మేడం. ముప్పై ఏండ్ల అనుభవం నాది," అన్నాడు నాయన.

అమ్మ టీ పట్టుకొని గడప దాటుతోంది.

"అర మూత," అన్నాను ఇంగ్లీషులో. "నీళ్లు రుచి చూసి మా అమ్మ వేసింది. ఈ రంగు షరీఫాబీది."

అందులో నాయనకు అర్థమైంది అమ్మ పేరొక్కటే. "దాని పేరు యాల చెప్తాండావు?"

మేడం నాయన వైపు చూడకుండా అమ్మను అడిగింది, హిందూపురం వచ్చి నేర్పుతారా అని. అది తెలుగులో చెప్పేసరికి అవ్వ లేచి కూర్చుంది. "ఇది పోతే ఈడ సంగటి కెలికేదెవరు?"

నాయన చేతిలో కట్టె ఆగిపోయింది.

"తిప్పుతా ఉండు, నిలిస్తే మచ్చలు పడతాయి," అనింది అమ్మ ఆయనతో, అందరి ముందరా. ఆయన తిప్పాడు.

అమ్మ టీ గ్లాసు మేడం చేతికిచ్చి నా వైపు తిరిగింది. "వస్తానని చెప్పు పాపా."

ఆ మాటను మాత్రం ఉన్నదున్నట్టే చెప్పాను.