లిఫ్టు తాత వంతు

"తాతా, గడ్డం కాస్త కిందికి," అంది డ్రాయింగు టీచరు.

తాత గడ్డం దించాడు. కిటికీ పక్కన గోడ మీద సున్నం పెచ్చు ఊడినచోట చూపు నిలిపాడు. ఇక అంతే, పిడుగు పడినా కదలడు. చుట్టూ బల్లలు వేసుకుని కూర్చున్న పిల్లలు పెన్సిళ్ళు గరగరలాడించడం మొదలుపెట్టారు. ఒకడు ఒంటికన్ను మూసి, చెయ్యి చాచి, పెన్సిలుతో తాత ముక్కు పొడవు కొలిచాడు. పక్కపిల్ల నాలుక బయటపెట్టి మరీ గీస్తోంది.

కదలకుండా కూర్చోవడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్ళు ఉన్నారు. ఒక్కసారి కూర్చుని చూస్తే తెలుస్తుంది వాళ్ళకి. మొదట ముక్కు దురద పెడుతుంది. తర్వాత మోకాలు. ఆ తర్వాత ఎక్కడో తెలియని దురద ఒళ్ళంతా పాకుతుంది. దాన్ని కూడా దాటేస్తే మాత్రం హాయి. ఒంటిని కుర్చీలో వదిలేసి మనిషి ఎక్కడికైనా పోవచ్చు. తాత పైకి పోతాడు. నగర కార్యాలయంలో లిఫ్టు నడిపినన్నాళ్ళూ ఆయన ఆఖరి అంతస్తు దాటింది లేదు. ఇప్పుడు ఈ చెక్క కుర్చీలో కూర్చుంటే లిఫ్టు అక్కడ ఆగదు, ఇంకా పైకి సాగుతుంది. ఊచల తలుపు లాగితే ఒక అంతస్తు నిండా నీళ్ళు, నీళ్ళ మీద ఎండ. ఇంకో అంతస్తులో ఎవరో ఒకావిడ కిటికీ తుడుస్తూ తనలో తను పాడుకుంటూ ఉంటుంది. ఆ పై అంతస్తులో మెత్తటి వెలుతురు తప్ప ఏమీ ఉండదు. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. తాతకి ఆ అంతస్తంటే భలే ఇష్టం.

ఆ రోజు ఎడమ చెయ్యి తొందరగా తిమ్మిరెక్కింది. రోజూ ఉండేదేలే అనుకున్నాడు. ఇంకొకరైతే కంగారుపడి డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. కూర్చుని బతికే మనిషికి తిమ్మిరి ఒక లెక్కా!

"ఇక లేవండి తాతా," అంది టీచరు.

తాత లేచి చేతులు దులుపుకున్నాడు. పిల్లల కాగితాల వైపు వెళ్ళలేదు. బొమ్మ పూర్తయ్యేదాకా చూడకూడదని తనకి తనే పెట్టుకున్న నియమం. చూస్తే తెలియకుండానే అందంగా కూర్చోవాలనిపిస్తుందని ఆయన భయం.

"సాయంత్రం సభకి వస్తున్నారుగా? మాట్లాడేవాళ్ళలో మిమ్మల్ని కూడా చేర్చాను," అంది టీచరు గొంతు తగ్గించి.

"నేనా? నేనేం మాట్లాడతానమ్మా?"

"మీకు తోచింది చెప్పండి. మీరు చెప్తే వింటారు."

తాత చెప్తే ఎవరూ వినరని తాతకి తెలుసు. నోట్లో నాలుక లేని మనిషని పేరు ఆయనకి. కానీ కాదనలేకపోయాడు. ఈ బొమ్మల బడి, పక్క గదిలో పాటల బడి ఇన్నాళ్ళూ ఒక పెద్దావిడ ఇచ్చిన విరాళంతో నడిచాయి. ఆవిడ పోయింది, విరాళమూ ఆగింది. ఇంటిపన్ను మీద కొంచెం కలిపి, నగరంలోని బడులన్నిట్లో బొమ్మలూ పాటలూ నేర్పిద్దామని నగరసభలో కొందరు సభ్యులు ప్రతిపాదన పెట్టారు. అది నెగ్గితే ఈ కుర్చీ ఉంటుంది. వీగిపోతే సెలవుల తర్వాత ఈ గదికి తాళమే. తాతకి నిజంగా భయం వేసింది. ఈ గది లేకపోతే పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, వెళ్ళడానికి ఆయనకి ఇంకో చోటు లేదు.

ఇంటి దగ్గర అక్క కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు కాళ్ళు పొట్టి చేస్తోంది. ఇల్లు బావగారు పోతూ వదిలి వెళ్ళింది. అక్క బట్టలు సరిచేస్తుంది, ఇంటిపన్ను కడుతుంది, తమ్ముణ్ణి తిడుతుంది. తమ్ముడు పెళ్ళి మాటెత్తకుండానే ముసలివాడైపోయాడు. ఇద్దరూ కలిసి ఉండడం మొదలై ఎంతకాలమైందో ఇద్దరికీ గుర్తులేదు.

"ఏరా, ఇవాళ నువ్వు కూడా మాట్లాడతావటగా?" అంది అక్క దారం పళ్ళతో తెంపుతూ. ఆవిడ నెలరోజుల కిందటే తన పేరు ఇచ్చేసింది. పన్నుకి వ్యతిరేకంగా.

"ఎవరు చెప్పారక్కా?"

"ఊరంతా చెప్పింది. ఒకే బస్సులో వెళ్దామా, శత్రువులం కదా, వేరువేరు బస్సులెక్కుదామా?"

"ఒకే బస్సులోనే. మెట్టెక్కేటప్పుడు నీకు చెయ్యి అందించాలిగా."

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకు? నీ ఉపన్యాసం సంగతి చూసుకో," అని అక్క నవ్వేసింది. తిట్టినా నవ్వినా ఆవిడ ముక్కుపుటాలు ఒకేలా ఎగురుతాయి. తెలియనివాళ్ళు జడుసుకుంటారు.

భోజనం దగ్గర మళ్ళీ అందుకుంది. "బడి పైకప్పు కారుతోంటే బొమ్మలేంట్రా? కుళాయిలో నీళ్ళు రావుగానీ పాటలొస్తాయా? నువ్వు కూర్చుంటే వాళ్ళు గీస్తారు. గీసి ఏం చేస్తారు?"

తాత సమాధానం చెప్పబోయాడు. అంతలో అక్క ఇంకో గరిటె కూర వడ్డించింది.

నగర కార్యాలయం కింది హాల్లో కొత్త లిఫ్టు తలుపు దానంతట అదే తెరుచుకుంది. తాత అలవాటు కొద్దీ తలుపు పక్కన మూలకి జరిగి నిలబడ్డాడు. ఎక్కినవాళ్ళు మీట నొక్కి, తలుపు వైపు తిరిగారు. లిఫ్టు చప్పుడు చెయ్యకుండా పైకి సాగింది. చప్పుడే లేకపోయేసరికి తాతకి కాసేపు తను కుర్చీలోనే ఉన్నట్టు, ఇది కూడా పొద్దుటి కలలో భాగమైనట్టు అనిపించింది. అక్క మోచేత్తో పొడిచింది. "దిగరా, వచ్చేసింది."

సభ జరిగే గది నిండిపోయింది. ఎత్తయిన కిటికీల్లోంచి పడమటి ఎండ ఏటవాలుగా దిగి, దుమ్ముని బంగారంలా చూపిస్తోంది. డ్రాయింగు టీచరు పిల్లల్ని వెనక వరుసల్లో కూర్చోబెట్టింది. అధ్యక్షురాలు చిన్న గంట ముందు పెట్టుకుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఒక్కొక్కరికి ఒక్కసారే, గంట మోగితే దిగిపోవాలి.

దుకాణాల వాళ్ళ తరఫున ఒకాయన పన్ను వద్దన్నాడు. పాటల మాస్టారేమో కావాలన్నాడు, పాడినంత పనీ చేశాడు. తర్వాత అక్క లేచింది. మైకు అక్కర్లేని గొంతు ఆవిడది.

"నేను చదువుకోలేదు. సూది పట్టుకుని పన్ను కడుతున్నా. మా వీధి బడిలో వాన పడితే పిల్లలు గొడుగులేసుకుని లెక్కలు చేస్తున్నారు. ముందు పైకప్పు వెయ్యండి. ఆ తర్వాత దాని మీద మీరు బొమ్మలే వేసుకుంటారో, పువ్వులే వేసుకుంటారో, నేనడగను."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. గంట మోగకముందే అక్క దిగి వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంటూ కూర్చుంది. "ఇక నీ వంతు. వణక్కురా," అంది తమ్ముడి చెవిలో.

తాత వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. తలెత్తి చూశాడు. హాలంతా కళ్ళే, అన్నీ తన మీదే.

అక్కడే పొరపాటు జరిగిపోయింది. ఇంతమంది కళ్ళు ఒక్కసారి మీద పడితే ఏం చెయ్యాలో ఆయన ఒంటికి ఒకటే తెలుసు. గడ్డం కిందికి దిగింది. చూపు అధ్యక్షురాలి తల వెనక గోడ మీద తడి మరక ఒకటి వెతుక్కుని అక్కడ ఆగిపోయింది. చేతులు పక్కలకి వాలాయి. తాత నిశ్చలంగా ఉండిపోయాడు.

హాలు ఎదురుచూసింది. ఎవరో దగ్గారు. ఎవరో కిసుక్కుమన్నారు. "మాట్లాడండి," అంది అధ్యక్షురాలు. తాతకి వినబడుతూనే ఉంది, కానీ దూరంగా, కింది అంతస్తులో ఎవరో పిలుస్తున్నట్టు. వెనక వరుసల్లో పిల్లలకి మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు. తాత నిలబడ్డాడు కాబట్టి సంచుల్లోంచి కాగితాలు తీసి గీయడం మొదలుపెట్టారు. అంత పెద్ద గదిలో పెన్సిళ్ళ గరగర ఒక్కటే వినిపించింది.

గంట మోగింది.

తాత ఉలిక్కిపడ్డాడు. చుట్టూ చూశాడు. ఏం జరిగిందో అర్థమయ్యాక మొహం కందిపోయింది. తల వంచుకుని వచ్చి అక్క పక్కన కూలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు పాపం.

"ఏంట్రా అది? మైకు ముందు విగ్రహంలా ఆ నిలబడ్డమేంటి?" అంది అక్క. అంతలోనే వెనక్కి తిరిగి, నవ్వుతున్న దుకాణాలాయన వైపు ఉరిమి చూసింది. తన తమ్ముణ్ణి తను తిట్టొచ్చుగానీ ఊళ్ళోవాళ్ళు నవ్వితే ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

"మర్చిపోయానక్కా," అన్నాడు తాత. నుదుట చెమట పట్టింది. "చెప్పాలనుకున్నది పెద్దదేం కాదు."

"ఏంటది? నాకు చెప్పు."

తాత కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత అక్కకి మాత్రమే వినబడేలా చెప్పాడు. మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ. ఆయన జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే.

అక్క కళ్ళార్పకుండా వింది. ఎదురు చెప్పలేదు. అది కూడా మొదటిసారే. తర్వాత కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ మళ్ళీ మైకు దగ్గరికి నడిచింది.

"అమ్మా, మీరు మాట్లాడేశారు. ఒకరికి ఒక్కసారే," అంది అధ్యక్షురాలు.

"నా మాట అయిపోయింది. అందులో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను. ఇది మా తమ్ముడి మాట. వాడి వంతు వాడు వాడుకోలేదు. కావాలంటే గంట కొట్టుకోండి."

అధ్యక్షురాలి చెయ్యి గంట దాకా వెళ్ళి ఆగింది.

"వాడు ఈ బిల్డింగులోనే లిఫ్టు నడిపాడు. మీలో సగం మందిని రోజూ పైకి మోశాడు. అంతస్తు నంబరు చెప్పి తలుపు వైపు చూసేవాళ్ళటగానీ ఒక్కరూ వాడి మొహం చూడలేదట. అందుకు వాడికి కోపం లేదు. లిఫ్టులో ఎవరు ఎవర్ని చూస్తారు, నేనూ చూడలేదు అంటున్నాడు. కానీ ఆ బళ్ళో కూర్చున్న మొదటి రోజు ఒక పిల్ల వచ్చి, తాతా నీకు ఒక చెవి పెద్దది, ఒక చెవి చిన్నది అందట. వాడు ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నిజమే. చిన్నప్పట్నుంచీ వాణ్ణి పెంచాను. నాకే తెలీదు."

అక్క ముక్కు ఎగబీల్చి మళ్ళీ అందుకుంది.

"పిల్లలు పెద్ద చిత్రకారులవ్వాలని కాదట. ఎదుటి మనిషిని అంతసేపు, అంత శ్రద్ధగా చూడడం అలవాటైన పిల్లాడు, పెద్దయ్యాక పక్కనున్న మనిషిని చూడనట్టు వెళ్ళిపోలేడట. పైకప్పు కారితే అది కూడా ముందు ఆ పిల్లాడికే కనబడుతుందట. ఈ ఆఖరి ముక్క నా కోసం చెప్పాడు, గడుసువాడు."

ఈసారి హాల్లో చప్పట్లు లేవు. అందరూ తాత వైపు తిరిగారు. లిఫ్టు నడిపినన్నాళ్ళలో అటు చూడనివాళ్ళు కూడా చూశారు. అక్క కూడా తిరిగింది.

"అంతేనా తమ్ముడూ? ఏమైనా మర్చిపోయానా?"

తాత కుర్చీలో ఉన్నాడు. గడ్డం కాస్త కిందికి, చూపు ఎదురుగా గోడ మీద. పడమటి ఎండ ఆయన భుజం మీదికి జరిగింది.

"తల ఊపరా, చాలు," అంది అక్క.

వెనక వరుసలోంచి ఒక చిన్నపిల్ల గొంతు తగ్గించకుండా చెప్పింది. "అమ్మమ్మా, తాత ఇప్పుడు మాట్లాడడు. మేం గీస్తున్నాం కదా."

కొందరు నవ్వారు. అక్క నవ్వలేదు. డ్రాయింగు టీచరు లేచి నిలబడింది. పిల్లలు గీస్తూనే ఉన్నారు.

అక్క కుర్చీల మధ్యనుంచి వచ్చింది. తమ్ముడి చెయ్యి పట్టుకుంది, బస్సు మెట్టు దగ్గర పట్టుకున్నట్టే. రెండో చెయ్యి ఆయన భుజం మీద వేసి, చాలాసేపు పట్టుకునే నిలబడింది. తర్వాత, "ఒరేయ్, నీ మాట చెప్పేశాన్రా," అంది. హాలంతా లేచి నిలబడింది.

ఓటింగు ఆ రోజు జరగలేదు. తర్వాతి సమావేశంలో జరిగింది, ప్రతిపాదన నెగ్గింది. అక్క మాత్రం తన మాట మార్చుకోలేదు. నేను వద్దన్నదాన్నే అని అందరితో అంటూ, సణుగుతూ, పన్ను మాత్రం అందరికంటే ముందు కట్టింది. తమ్ముడు లేని ఇంట్లో ఆవిడకి తిట్టడానికి నగరసభ ఒకటే మిగిలింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక గది ఊడ్చే మనిషి వచ్చేసరికి, వెనక వరుసలో ఒక కుర్చీ కింద ఒక కాగితం పడి ఉంది. హడావుడిలో ఏ పిల్లో వదిలేసి వెళ్ళినట్టుంది. దాని మీద ఒక కుర్చీ, కుర్చీలో ఒక మనిషి భుజం, ఆ భుజానికి అడ్డంగా, తర్వాత గీసినట్టు తెలిసిపోతూ, సూది పోట్లు కూడా వదలకుండా వేళ్ళ మీద చుక్కలు పెట్టి గీసిన ఒక ఆడమనిషి చెయ్యి.