బస్తా నడిమి గింజ

పప్పుల వ్యాపారి కొనేటప్పుడు ఒక మనిషి, అమ్మేటప్పుడు ఇంకో మనిషి. కొనేటప్పుడు బస్తా మూతి విప్పి చూపిస్తే చూడడు. బోలు ఇనప గొట్టాన్ని బస్తా నడుముకి గుచ్చి, లోపలి గింజ అరచేతిలో రాలాకే నోరు విప్పుతాడు. అమ్మేటప్పుడు మాత్రం నిగనిగలాడే గింజంతా పైనే ఉంటుంది.

చర్మవ్యాధుల డాక్టరమ్మ ముందు కూర్చోగానే ఆయనలో ఆ రెండో మనిషే మేలుకున్నాడు. మోచేతి కింద ఆరునెలలుగా పెరుగుతున్న బఠాణీ అంత కాయ చూపించి, చొక్కా చెయ్యి గబుక్కున కిందికి లాగేసుకున్నాడు.

డాక్టరమ్మ చెయ్యి మళ్ళీ బయటికి తీయించి, కాయను వేలితో మెల్లగా నొక్కింది. అది చర్మంలోకి దిగిపోయి, వేలు తీయగానే పైకి లేచింది.

"ఇదేంటమ్మా, కింద గుంటగానీ ఉందా?" ఆయన తానూ రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు.

"చర్మంలో సన్నటి నరాలుంటాయి. వాటి పొర పెరిగితే ఇలా మెత్తగా దిగుతుంది. చాలావరకు ప్రమాదం లేనిదే. ఒంటిమీద ఇంకెక్కడైనా కాయలుగానీ, గోధుమరంగు మచ్చలుగానీ ఉన్నాయా?"

"అబ్బే, ఏమీ లేవు."

పక్కనున్న కూతురు పకపకా నవ్వింది. కొట్టు వ్యవహారం సగం ఆమెదే. "పైగింజ చూపించి బస్తా అంటగడుతున్నావా నాన్నా? నడుం మీద మచ్చలెవరివి?"

ఆయన మొహం మాడిపోయింది. దాచింది తనకోసం కాదు. కూతురి భుజం వెనకా అలాంటి మచ్చే ఉంది. ఇది వంశంలో వచ్చే జబ్బయితే ఆ మాట ఆమె చెవిన పడకూడదని ఆయన లెక్క.

"తండ్రి నుంచి బిడ్డకి వస్తుందా ఇది?" గొంతు తగ్గించి అడిగాడు.

"వచ్చే రకం ఒకటుంది. దాని ఆనవాళ్ళు లెక్కపెట్టాలి. మీరు సగం దాస్తే నా లెక్క తప్పదూ?"

ఆయన చొక్కా విప్పాడు. డాక్టరమ్మ మచ్చలు స్కేలుతో కొలిచింది. రెండే. ఆరుంటే అనుమానించాలంది. చంకల్లో చుక్కల్లేవు. పక్కగది కంటి డాక్టరు చూసి, కళ్ళలోనూ ఏమీ లేదన్నాడు. కూతురు అడక్కుండానే వెనక్కి తిరిగి భుజం చూపించింది. ఒక్కటే మచ్చ.

కాయలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలంటూ మత్తు సూది వేశాక, డాక్టరమ్మ బోలుగా ఉన్న గుండ్రటి చిన్న కత్తి తీసింది. ఆయన కళ్ళు విప్పారాయి.

"ఇది మా గొట్టమే కదమ్మా! నడుమ నుంచి తీయండి. పైతోలు చూసి తీర్పు చెప్పకండి."

"అడుగుదాకా గుచ్చుతాలెండి. మీరు కదలకండి."

వారం తర్వాత డాక్టరమ్మ ఆయన్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. లేత గులాబీ నేల మీద సన్నటి ఊదారంగు పోగులు వంకర్లు తిరిగి పడున్నాయి.

"అవే నరం పొర కణాలు. క్యాన్సర్ కాదు. కాయ ఒక్కటే, మచ్చలూ తక్కువే. వంశంలో వచ్చే రకమనడానికి ఆధారం లేదు. కొత్తగా కాయలొస్తే మాత్రం ఇద్దరూ రండి."

ఆయన అద్దం మీంచి కన్ను తీయలేదు.

"జరుగు నాన్నా, నన్నూ చూడనీ."

"ఆగమ్మా, ఇంకా మూలలు చూళ్ళేదు."