గడియారాల అనెస్తిస్ పెళ్ళాం

ఆ ఉదయం కవాలా ఊరి పొగాకు గోదాములో కొత్తగా వచ్చిన మేస్త్రీ గలానిస్ మగవాళ్ళందర్నీ ఒక్క మాటతో గేటు బయటికి తోలేశాడు. వాళ్ళు చేసే ఆకు గ్రేడింగు ఇకనుంచి ఆడవాళ్ళే చేస్తారట, సగం కూలికి. దుమ్ము మింగి మింగి రక్తం కక్కుకుంటున్న లెమోనియా లేచి, "సగమేమిటయ్యా?" అంది. అందుకు ఆమెను జుట్టు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చేశాడు. హాలునిండా ఆడవాళ్ళు కూర్చుని చూశారు. పోలిక్సేని కూడా చూసింది. చూసి ఊరుకున్నందుకు రోజంతా ఆమెకు ఒళ్ళు మండుతూనే ఉంది.

ఒళ్ళు మండడానికి అంతకంటే పాత కారణం ఇంకొకటుంది. ఆమె మొగుడు మిల్తోస్ ఈ గోదాములో బేళ్ళు మోస్తూ పెరిగినవాడు. మీసాలు రాకముందే యూనియన్ పెట్టాడు. ప్రభుత్వం రెండుసార్లు శిక్షవేసి దీవి జైలుకి పంపితే రెండుసార్లూ చేపల పడవల్లో తప్పించుకొచ్చాడు. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీకి ఇప్పుడు ఉత్తర ప్రాంతమంతటికీ కార్యదర్శి. ఉండేది ఈ ఊళ్ళోనే, కొండ మీది వీధిలో, గడియారాలు బాగుచేసే అనెస్తిస్ అన్న పేరుతో. ఒంటరి మగాడంటే పోలీసులకు అనుమానమని పార్టీ ఆయనకొక ఉత్తుత్తి పెళ్ళాన్ని కూడా ఇచ్చింది. పేరు ఉరానియా. వోలోస్ ఊరినుంచి వచ్చిన టీచరమ్మ. అసలు పెళ్ళాం మాత్రం ఆ వీధి తొక్కకూడదు. పోలీసుల కన్ను ఎప్పుడూ ఆమె మీదే ఉంటుంది మరి.

పోలిక్సేని ఓరోజు తొక్కింది. ఎదుటి రొట్టెల కొట్టు దగ్గర నిలబడి, ఆ ఇంటి తీగమీద ఆరేసిన చొక్కాలు చూసింది. కాలర్ల మురికి అలాగే ఉంది. దీనికి ఉతకడమైనా రాదు అనుకుని సంతోషించింది. ఇంటికెళ్ళి ఏడ్చింది.

మగవాళ్ళని తోలేసిన రోజు సాయంత్రం గోదాము ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకుని ఊరి కొళాయి దగ్గర చేరారు. అదే వాళ్ళ మీటింగు. పార్టీ కబురు తెచ్చింది ఉరానియాయే.

"రేపు ఎవరూ ఆకు ముట్టొద్దు. మగవాళ్ళని తిరిగి తీసుకోవాలి, ఒకే పనికి ఒకే కూలివ్వాలి."

"వాళ్ళకోసం మేమెందుకమ్మా పస్తులుండాలి?" అని లేచింది ఒకతె. "ఆ పనికి ఆడాళ్ళు పనికిరారని నిన్నటిదాకా ఎగిరింది వాళ్ళేగా?"

"వాళ్ళ పొగరు సంగతి తర్వాత తేల్చుకుందాంలేవే," అంది ముసలి సుల్తానా. "ఇవాళ వాళ్ళ కూలి కోసి మనకి సగం పారేసినవాడు, రేపు మనల్ని తోలేసి మన పిల్లలకి పావువంతు పారేస్తాడు. అప్పుడేం చేస్తావ్?"

ఒక్కొక్కరే తలూపారు. పొద్దుటినుంచీ పోలిక్సేని మనసులో ఉన్నదీ అదే. ఆ సమ్మె మాట ఉరానియా నోటినుంచి రావడమే ఆమెకు గిట్టలేదు.

"బాగా చెప్పావమ్మా. ఎప్పుడు నేర్పాడు? వండి పెడుతుంటేనా, పక్కేస్తుంటేనా?"

"అక్కా, ఇక్కడొద్దు."

"ఎవతే నీకు అక్క? నువ్వు చొక్కాలుతుకుతున్నావే, ఆ మనిషి ఎవతె మొగుడే?"

కొళాయి కింద గలానిస్ మరదలు సగం నిండిన బిందె ఎత్తుకుని గబగబా వెళ్ళిపోయింది. అప్పటికిగాని పోలిక్సేనికి తానేం చేసిందో తెలియలేదు.

మర్నాడు ఒక్క ఆడది కూడా లోపలికి పోలేదు. మగవాళ్ళు వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డారు. ఎండెక్కేసరికి పోలీసులు అనెస్తిస్‌ను సంకెళ్ళతో గేటు దగ్గరికి తెచ్చారు. వాళ్ళ దగ్గరున్నది మిల్తోస్ కుర్రతనంనాటి ఫోటో. ఎదురుగా ఉన్నది బట్టతల, కళ్ళజోడు. ఇతను అనెస్తిస్ అయితే ఇంటికి పోతాడు. మిల్తోస్ అయితే తుపాకులముందుకే.

ఉరానియా అతని చెయ్యి పట్టుకుని నిలబడింది.

"చూడమ్మా," అన్నాడు అధికారి పోలిక్సేనితో, తియ్యగా. "ఈవిడ ఇతన్ని తన మొగుడంటోంది. నువ్వు నిన్న ఇంకోలా అన్నావట. కట్టుకున్నవాణ్ణి పరాయిదానికి వదిలేస్తావా? నీవాడేనని చెప్పు. నాలుగు ప్రశ్నలడిగి నీ వెంటే పంపేస్తాం."

ఆమె చూసింది. మిల్తోస్ చిక్కిపోయాడు. అతని చేతిమీద ఉరానియా వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు పార్టీ నేర్పింది కాదని పోలిక్సేనికి అర్థమైంది. గుండెలో నిప్పు పడింది. వీడు చస్తే విధవనయ్యేది నేనే, ఆ హక్కయినా నాకు దక్కుతుంది. ఒక్క క్షణం నిజంగానే అలా అనుకుంది.

తర్వాత పగలబడి నవ్వింది.

"వీడా? నా మొగుడు రెండు బేళ్ళు వీపునేసుకుని మెట్లెక్కేవాడయ్యా! ఈ ఎండుచేపతో నేను కాపరం చేస్తానా? నన్నొదిలేసి పోయినవాడు ఎవతె కొంపలో ఉన్నాడోనని ఊళ్ళో కనిపించినదాన్నల్లా తిడుతున్నా, దీన్నీ తిట్టా. ఏమ్మా, నీ మొగుణ్ణి తీసుకుపో. కాస్త కాలర్లు రుద్ది ఉతుకు."

"మాకందరికీ పడ్డాయి బాబూ దీని తిట్లు!" అని సుల్తానా అరిచింది. గేటు ముందు జనమంతా గొల్లుమన్నారు.

అంతమంది నవ్వుతుంటే అధికారికి వేరే దారి లేకపోయింది. సంకెళ్ళు తీయించాడు. ఆ కోపంలో పోలిక్సేనినీ సుల్తానానూ సమ్మె రేపినందుకు లారీ ఎక్కించాడు. మిల్తోస్ ఉరానియా చెయ్యి పట్టుకుని కొండ వీధి ఎక్కి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడెందుకే ఏడుపు? బతికించుకున్నావుగా," అంది సుల్తానా.

"ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు."

"చూస్తే చచ్చేవాడే పిచ్చిదానా!"

"తెలుసు. అయినా చూడాల్సింది."

ముక్కు తుడుచుకుని లారీ పలకమీదికెక్కి జనంవైపు అరిచింది. "ఒకే పనికి ఒకే కూలి! అది రాకుండా ఎవతైనా ఆకు ముట్టిందో, తిరిగొచ్చాక నా సంగతి తెలుసుగా!"

తెలుసు, అందరికీ తెలుసు. లెమోనియా దగ్గుకుంటూ వచ్చి లారీ చక్రాల ముందు కూర్చుంది. ఆమె పక్కన మరొకతె, ఆ పక్కన మగవాళ్ళు. డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఎవరూ లేవలేదు.